కన్వేయన్స్: భూమి కాగితం, బండి దారి, మన కొండలు

ఈసారి కొంచెం పెద్దగా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

ఇంగ్లీషులో కన్వేయన్స్ అని ఒక మాట ఉంది. మన దగ్గర టీచరుగానో, సచివాలయంలోనో ఉద్యోగం వచ్చినవాళ్ళకి ఇది అలవెన్స్‌గా తెలుసు: డ్యూటీకి పోను రాను అయ్యే ఖర్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కినవాళ్ళకి ఇదే మాట కన్వేయన్స్ డీడ్‌గా తెలుసు: భూమిని ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకి మార్చే దస్తావేజు. ఒక చోట బండి, ఇంకో చోట భూమి. రెండింటికీ ఒకే మాట ఎలా వచ్చిందో చూస్తే, మన కొండల చరిత్ర సగం అందులోనే కనిపిస్తుంది.

ఈ మాట మూలం లాటిన్. అందులో 'వియా' అంటే దారి. ఒకరికి తోడుగా దారి నడవడం, నడిచి దిగబెట్టి రావడం, అక్కణ్ణుంచి ఈ మాట పుట్టింది. మనిషిని దిగబెడితే అది ప్రయాణం. ఆస్తిని ఇంకొకరి చేతిలో దిగబెడితే అది బదలాయింపు. వినడానికి బాగానే ఉంది కానీ భూమి కదలదు కదా. మన తెలుగులో కూడా దాన్ని స్థిరాస్తి అంటాం. కదలని దాన్ని దిగబెట్టడం ఎలా? పాత ఇంగ్లండులో దీనికి ఒక పద్ధతి ఉండేది. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ సాక్షులతో ఆ పొలంలోకే వెళ్ళి, అమ్మేవాడు ఒక మట్టిగడ్డో, చెట్టు రెమ్మో కొనేవాడి చేతిలో పెట్టేవాడు. అంతే, భూమి చేతులు మారినట్టు లెక్క. పొలం దగ్గరికి పోకుండా, పదిమంది ముందు నిలబడకుండా భూమి మార్చడం కుదిరేది కాదు. తర్వాత కాలంలో మట్టిగడ్డ స్థానంలోకి కాగితం వచ్చింది. కాగితం వచ్చాక పొలానికి వెళ్ళాల్సిన పని లేదు, ఊరికి తెలియాల్సిన పని లేదు. భూమి ఉన్న చోటే ఉంటుంది, దాని హక్కు మాత్రం సంచిలో పెట్టుకుని ఎంత దూరమైనా పట్టుకుపోవచ్చు.

మనకి దెబ్బ తగిలింది సరిగ్గా ఇక్కడే.

మన పెద్దల దగ్గర భూమికి కాగితం లేదు. ఏ కొండవాలు ఏ ఇంటివాళ్ళది, ఏ పోడు ఎన్నేళ్ళు వదిలెయ్యాలి అన్నది ఊరికి తెలుసు. అలాంటి చోటికి కాగితం తెలిసినవాడు వస్తే ఏమవుతుంది? 1879 రంప తిరుగుబాటు చదివితే అర్థమవుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని కల్లు మీద పన్ను గొడవగా రెండు లైన్లలో తేల్చేస్తారు. చిగురుపన్ను, మున్సబుదారు జులుం, పోలీసుల జులుం, అవన్నీ నిజమే. కానీ వాటితో సమానమైన ఇంకో కారణం ఉంది. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు చిన్న చిన్న అప్పులిచ్చి కొండవాళ్ళతో ఒప్పంద కాగితాల మీద గుర్తు వేయించుకునేవాళ్ళు. గడువు దాటగానే కింద కోర్టులో దావా వేసేవాళ్ళు. సమన్లు వచ్చినా చదవగలిగినవాడు లేడు. కోర్టుకి పోవాలంటే రోజుల తరబడి నడక. ఒకవైపు వాళ్ళే హాజరవుతారు కాబట్టి ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేస్తుంది. ఆ డిక్రీ పట్టుకుని పైకొచ్చి పశువుల్ని, పంటని, దొరికిందల్లా జప్తు చేసేవాళ్ళు. ఈ సంగతి బ్రిటిష్ వాళ్ళ సొంత గెజిటీరే ఒప్పుకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. షావుకారికి కొండ ఎక్కడానికీ దిగడానికీ దారి ఉంది, మనిషి ఉన్నాడు, డబ్బు ఉంది. మన తాతకి కోర్టు దాకా పోవడానికి దారి లేదు. అంటే కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్ళు లేచిన నాటికే రెండు కన్వేయన్సులూ ఒకే చేతిలో ఉన్నాయి. కాగితం వాడిదే, ప్రయాణమూ వాడిదే. దారి లేకపోవడం మనల్ని కాపాడిందని కొందరు పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. పూర్తిగా కాపాడలేదు. కోర్టుకి మనం దూరమయ్యాం గానీ షావుకారికి మన కొట్టాం దూరం కాలేదు.

సర్కారుకి ఈ సంగతి తెలియక కాదు. 1839లోనే గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని మామూలు చట్టాల నుంచి తీసేసి కలెక్టరుని ఏజెంటుగా పెట్టారు. 'ఏజెన్సీ' అని మనం ఇప్పటికీ వాడుతున్న పేరు అక్కణ్ణుంచే వచ్చింది. కానీ అప్పుడు వాళ్ళ ఆలోచన మన భూమి గురించి కాదు, తిరుగుబాట్లు రాకుండా చూడడం గురించి. భూమి మాట ఎత్తింది చాలా ఆలస్యంగా. మధ్యలో 1882 ఒక్క ఏడాదిలోనే రెండు చట్టాలొచ్చాయి. ఒకటి ఆస్తి బదలాయింపు చట్టం: బతికున్న మనిషి తన ఆస్తిని ఇంకొకరికి ఎలా మార్చాలో చెప్పేది. వంద రూపాయలూ అంతకి మించిన స్థిరాస్తిని అమ్మితే రిజిస్టరు కాగితం ఉండి తీరాలి అన్నది ఇందులోనే ఉంది. రెండోది మద్రాసు అటవీ చట్టం: రిజర్వు అని గీత గీస్తే లోపల పోడు కొట్టేవాడిని నేరస్తుణ్ణి చేసేది. మొదటి చట్టం కాగితం ఉన్నవాడికి దారి చూపించింది. రెండోది కాగితం లేనివాడి కాళ్ళ కింద నేల తీసేసింది. రెండిటికీ ఏడాది ఒకటే అవ్వడం యాదృచ్ఛికమే, కానీ గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది.

1917లో మొదటిసారి అసలు చట్టం వచ్చింది. ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం అని, అప్పటి మద్రాసు సర్కారుది. కొండజాతి మనిషి తన భూమిని కొండజాతి కానివాడికి ఇవ్వాలంటే ఏజెంటు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేకపోతే చెల్లదు. అదే చట్టంలో వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదని, చక్రవడ్డీ చెల్లదని, మొత్తం వడ్డీ అసలుని మించకూడదని రాశారు. అప్పునీ భూమినీ ఒకే చట్టంలో కట్టడం చూడండి. భూమి ఎలా పోతోందో రాసినవాళ్ళకి బాగా తెలుసన్నమాట. చట్టం పేరులోనే వడ్డీ ముందు, భూమి వెనక. మన ఊళ్ళల్లో జరిగిన వరస కూడా అదే.

మరి రోడ్డు సంగతి? చట్టం వచ్చిన అయిదేళ్ళకే 1922లో గూడెం కొండల్లో ఏం జరిగిందో మనకి తెలుసు. అల్లూరి సీతారామరాజు పేరు చెప్పగానే విల్లు, బాణం, స్టేషన్ల మీద దాడి గుర్తొస్తాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. కానీ మన్యం మండడానికి దగ్గర కారణాల్లో ఒకటి రోడ్డు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వెయ్యడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళని బలవంతంగా తోలుకొచ్చి, సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. గాం గంటందొర, గాం మల్లుదొరల భూమి గొడవలోనూ ఇతని పేరే వినిపిస్తుంది. రోడ్డు పని, భూమి గొడవ, రెండూ ఒకే ఆఫీసరు చేతిలో. తర్వాత మల్లుదొర జైలు నుంచి బయటికొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి వెళ్ళాడు. రోడ్డు కూలికి లెక్క అడిగిన కొండ నుంచి ఢిల్లీ దాకా వెళ్ళిన మనిషి. మన పిల్లల పుస్తకాల్లో ఆయనకి ఒక పేజీ కూడా లేదు.

ఆ రోడ్లు ఎవరి కోసం వేశారు? పోలీసు పైకి రావడానికి, కలప కిందికి దిగడానికి. రోడ్డు లేని చోట ఆఫీసర్లు, వాళ్ళ సామాన్లు మన భుజాల మీదే ఎక్కేవి. వెట్టి అని దానికి పేరు. ఊరికి కబురొస్తే మనుషులు వంతులేసుకుని మోతకి పోవాలి. అదీ ఒక కన్వేయన్సే, మనం బండి అయిన కన్వేయన్స్.

ఇప్పుడు గోదావరి దాటి ఆదిలాబాదు వైపు రండి. అక్కడ మద్రాసు సర్కారు కాదు, నిజాం. చట్టం వేరు, కథ ఒకటే. 1920ల చివర్లో కాజీపేట నుంచి బల్లార్ష రైలు మార్గం పూర్తయింది. రైలు వెంట, దాన్నుంచి చీలిన రోడ్ల వెంట బయటి రైతులు, వ్యాపారులు దిగారు. నల్లరేగడి భూమి, పత్తి పండే భూమి. పట్టా ఎలా చేయించుకోవాలో వాళ్ళకి తెలుసు, గోండు, కొలాం మనుషులకి తెలియదు. తరతరాలుగా దున్నుకున్నవాడు ఒక పొద్దున లేచి చూస్తే తన చేనుకి తాను కౌలుదారు. లేదంటే అడవిలోకి నెట్టబడతాడు, అక్కడ రిజర్వు ఫారెస్టు అని జంగ్లాతోళ్ళు గుడిసె తగలబెడతారు. కొమురం భీం 1940లో జోడేఘాట్ దగ్గర చనిపోయింది ఈ నలుగుడులోనే. ఆ తర్వాతే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ని పిలిపించి చదివించింది. ఆయన మన తెగల గురించి రాసిన అన్ని మాటలతో మనం ఏకీభవించనక్కర్లేదు. కానీ రోడ్డు, రైలు పడ్డ చోట గోండుల భూమి ముందుగా పోయిందని, లోపల ఉన్న ఊళ్ళు కొంత నిలిచాయని ఆయన గమనించింది నిజం. అయినా పట్టాలిచ్చిన తర్వాత కూడా భూమి జారుతూనే ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తుపాకీ పేలింది కూడా ఈ భూమి గొడవ మీదే.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం అయిదో షెడ్యూలు గవర్నరుకి ఒక అధికారం ఇచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి బదలాయింపుని ఆపే, అదుపు చేసే రెగ్యులేషన్లు చెయ్యొచ్చు. దాని కింద 1959లో 1వ రెగ్యులేషన్ వచ్చింది, 1963 డిసెంబరు నుంచి తెలంగాణ ప్రాంతానికీ వర్తించింది. అయినా ఒక పెద్ద కన్నం ఉండిపోయింది. గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మకూడదు, సరే. ఒకసారి గిరిజనేతరుడి చేతిలో పడిన భూమి ఇంకో గిరిజనేతరుడికి, వాడి నుంచి ఇంకొకడికి పోతూనే ఉండేది. దాన్ని మూసింది 1970లో 1వ రెగ్యులేషన్. మనం అందరం నోటి లెక్కగా చెప్పే 1/70 ఇదే, ఆ ఏడాది ఫిబ్రవరి 3 నుంచి అమల్లో ఉంది.

1/70 గురించి మన పిల్లలకి తెలియాల్సినవి కొన్ని. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఎవరైనా సరే, గిరిజనేతరుడైనా సరే, స్థిరాస్తిని గిరిజనుడికో, పూర్తిగా గిరిజనులే ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని చూపించాల్సిన బరువు వాడి మీదే. కొండవాడు కోర్టుకి పోలేక ఓడిపోయిన 1879 నాటి ఎక్స్‌పార్టీ డిక్రీకి ఇది తొంభై ఏళ్ళ తర్వాత వచ్చిన జవాబు అని మా అభిప్రాయం. ఇంకోటి, 'బదలాయింపు' అంటే ఇక్కడ అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, వాటికోసం చేసుకున్న ఒప్పందం కూడా అందులోకే వస్తాయి. ఇంగ్లీషు న్యాయశాస్త్రం భూమి నడవడానికి ఎన్ని దారులు కనిపెట్టిందో అన్ని దారులకీ ఇక్కడ కంచె వేశారు. 1978లో ఇలాంటి దస్తావేజుల్ని రిజిస్టరు చెయ్యకూడదని కూడా చేర్చారు. సుప్రీంకోర్టు 1988లో ఈ రెగ్యులేషన్ చెల్లుతుందని చెప్పింది.

1997 జులై 11 సమత తీర్పు ఇంకో మెట్టు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇచ్చింది ఎవరో కాదు, సర్కారే. అది సర్కారు భూమి, సర్కారు ఇష్టం అని వాదించారు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒప్పుకోలేదు. చట్టంలో 'ఎవరైనా' అన్న మాటలోకి సర్కారు కూడా వస్తుంది, లీజు కూడా బదలాయింపే, కాబట్టి గిరిజనేతరులకి ఇచ్చిన ఆ లీజులు చెల్లవు అన్నారు. బొర్రా గుహలు చూడడానికి రైల్లో వెళ్ళినవాళ్ళు కొత్తవలస - కిరండూల్ లైను చూసే ఉంటారు. సొరంగాల మీద సొరంగాలు, ఎత్తైన శిమిలిగూడ స్టేషను. 1960ల్లో ఆ లైను వేసింది ప్రయాణికుల కోసం కాదు, బైలాడిల్లా ఇనుప రాయిని విశాఖ రేవుకి, అక్కణ్ణుంచి జపానుకి పంపడానికి. ఇప్పటికీ ఆ పట్టాల మీద మనుషుల బండ్లు కొన్నే, రాయి బండ్లే ఎక్కువ. రాయికి అంత దారి వేసిన దేశం, అదే కొండల్లో ఊరికి దారి వెయ్యలేకపోయింది.

చట్టం ఉంది కదా, మరి భూమి ఎందుకు పోతోంది? ఎందుకంటే కన్వేయన్స్ కాగితం మీద ఆగింది, నేల మీద ఆగలేదు. రిజిస్ట్రేషను కుదరదు కాబట్టి తెల్లకాగితం మీద రాయించుకుంటారు. 1970కి ముందే కొన్నట్టు పాత తేదీ వేస్తారు. గిరిజనుడి పేరు మీద భూమి, దున్నేదీ తినేదీ ఇంకొకడు. మన ఆడపిల్లని చేసుకుని ఆ పేరు మీద కొనడం కూడా చూస్తున్నాం. రోడ్డు పక్క సెంట్లలో ఇది మరీ ఎక్కువ. సంత జరిగే ఊళ్ళల్లో, జంక్షన్లలో, ఘాట్ మలుపుల్లో వెలిసిన షాపులు, లాడ్జీలు ఎవరివో ఒకసారి లెక్కేసి చూడండి. ఆ ఊరి మనిషి అక్కడ టీ కొట్టులో గ్లాసులు కడుగుతూ ఉంటాడు.

అందుకే మన మీటింగుల్లో రెండు డిమాండ్లు ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి: మా ఊరికి రోడ్డు వెయ్యండి, 1/70 గట్టిగా అమలు చెయ్యండి. బయటి నుంచి వచ్చే కొందరు నాయకులు దీన్ని చూసి నవ్వుతారు. రోడ్డు, టూరిజం, హోటళ్ళు కావాలంటే చట్టం సడలించాలి, రెండూ ఎలా కుదురుతాయి అంటారు. సడలింపు మాట వచ్చినప్పుడల్లా మన్యం బంద్ అవుతుంది, మళ్ళీ సద్దుమణుగుతుంది, మళ్ళీ వస్తుంది. వాళ్ళ మాటలో ఒక మోసం ఉంది. రోడ్డు అనేది భూమికి ధరగా అమ్మే వస్తువు కాదు. మైదానంలో ఏ ఊరివాడినీ మీ పొలాలు రాసిస్తే తారు వేస్తాం అని అడగలేదు కదా?

రోడ్డు మనకి ఎందుకు కావాలో అందరికీ తెలుసు. కర్రకి దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని పడుకోబెట్టి, ఇద్దరు ముందు ఇద్దరు వెనక, వాగులో మోకాలి నీళ్ళల్లో దిగి నడిచే డోలీ. ఒకప్పుడు ఆఫీసరుని మోసిన భుజం ఇప్పుడు సొంత చెల్లిని మోస్తోంది. 108 రోడ్డు ఉన్న దాకా వస్తుంది. తర్వాత బైకులకి తొట్టి కట్టిన ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి, అవి బాట ఉన్న దాకా వస్తాయి. ఆ పైన డోలీయే. కొన్ని సార్లు బిడ్డ దారిలోనే పుడుతుంది, కొన్ని సార్లు పుట్టదు. కాబట్టి రోడ్డు వద్దు, భూమి మిగులుతుంది అనే వాదన మేము ఒప్పుకోం. అలా చెప్పేవాళ్ళు ఎప్పుడూ డోలీ మొయ్యలేదు.

రెండూ విడదీసే దారి చట్టంలోనే ఉంది, మనలో చాలామంది చదవలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా గురించి 4వ సెక్షను ఏం చెప్తుందంటే, అది వారసులకి వస్తుంది, కానీ అమ్మడానికీ ఇంకొకరికి మార్చడానికీ వీల్లేదు. అంటే కన్వేయన్స్ లేని హక్కు. అదే చట్టం 3వ సెక్షను రెండో ఉపసెక్షనులో స్కూలు, ఆసుపత్రి, అంగన్‌వాడీ, మంచినీళ్ళు, రోడ్డు లాంటి 13 రకాల పనులకి అటవీ భూమి ఇవ్వొచ్చని ఉంది. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా గ్రామసభ సిఫారసు ఉండాలి. ఫారెస్టు వాళ్ళు ఒప్పుకోలేదు అందుకే రోడ్డు ఆగింది అని చెప్పినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ సెక్షను కింద గ్రామసభ తీర్మానం పెట్టారా? పెట్టకపోతే పెట్టిద్దాం. అదే గ్రామసభలో, అదే రోజు, రోడ్డు ఏ సర్వే నంబర్ల పక్కనుంచి పోతుందో, ఆ భూములు ఇప్పుడు ఎవరి పేరు మీద, ఎవరి సాగులో ఉన్నాయో కూడా రాయించి సంతకాలు తీసుకుంటే, పదేళ్ళ తర్వాత పాత తేదీ తెల్లకాగితం ఎవడైనా తెచ్చినప్పుడు చూపించడానికి మన దగ్గరా ఒక కాగితం ఉంటుంది.

సంక్రాంతికి ఊళ్ళకి వెళ్ళేవాళ్ళకి ఒక పని. మీ ఊరికి రోడ్డు ఏ ఏడాది పడింది, రోడ్డు పక్క మొదటి ఎకరం ఏ ఏడాది చేతులు మారింది, ఎవరి నుంచి ఎవరికి, ఏ అప్పు మీద, ఈ నాలుగూ తాతల్ని, అమ్మమ్మల్ని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. 1970కి ముందు సంగతులు గుర్తున్నవాళ్ళు ఇప్పుడు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉన్నారు.